కిటికీ అద్దం మీద రెండువందల తూటాలు

కెటోలా, మిన్నెసోటా
1937 జనవరి 9, శనివారం

హిల్యా అత్తయ్యా,

మన కార్మికుల హాలులో అన్యాయం జరిగింది. చేసినవాడు కార్యదర్శి ఆన్సెల్మ్ రూవోనా. ముందు ఈ రెండు మాటలూ చదివి, కాఫీ కప్పు కింద పెట్టి, అప్పుడు మిగతాది చదువు. కుశలప్రశ్నలు ఆఖర్న అడుగుతాను.

ఈ చలికాలం టపా పోటీలో మనకు విస్కాన్సిన్ వాళ్ళు తగిలారు. మనం ఇక్కడ హాలు నేలమాళిగలో పిస్తోలు కాల్చి, సాక్షి సంతకం పెట్టించి, గురికాగితాలు వాళ్ళకు పంపుతాం. వాళ్ళు కాల్చినవి మనకు పంపుతారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఒకరి బెజ్జాలు ఒకరు లెక్కపెట్టుకుంటాం. ఇంత నమ్మకం మీద నడిచే వ్యవహారం ఈ దేశంలో ఇంకొకటుంటే చూపించు, ఒప్పుకుంటాను.

క్రిస్మస్‌కి మనం పంపిన కాగితాల మీద వాళ్ళు ఒక చీటీ రాసి పంపారు. సహకార దుకాణం సైమీ కాల్చిన కాగితంలో మూడు బెజ్జాలు గుండ్రంగా లేవట, తాళంచెవి దూర్చే బెజ్జంలా పొడుగ్గా ఉన్నాయట. "మీ గుండ్లు తూలుతూ ఎగురుతున్నాయి, చూసుకోండి" అని. స్నేహంగానే రాశారు. దాన్ని ఆన్సెల్మ్ నిండు సభలో, గొంతు సవరించుకుని మరీ చదివాడు. చదివి అన్నాడు కదా: "వైనో కివెలా చేతులు ముసలివైపోయాయి. గుండు వంకరగా కూర్చుంటోంది. రేపెవరి కన్నో పోతే జవాబు చెప్పుకోవాల్సింది నేను. ఫిబ్రవరి ఆఖరు తర్వాత ఇంట్లో నింపిన తూటా ఈ మెట్లు దిగడానికి వీల్లేదు."

నాన్న లేచి నిలబడ్డాడు. ఇక పిడుగు పడుతుందనుకున్నాను. "సరే" అన్నాడు. అంతే. ఇంటికొచ్చి, తూటాలు నింపే, అడకత్తెరలాంటి ఆ చేతి పనిముట్టును నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

నాన్న సంగతి నీకు చెప్పేదేముంది. సమ్మె తర్వాత గని వాళ్ళు ఆయన్ని మళ్ళీ పిలవలేదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక కట్టెలు కొట్టే పని కూడా పోయింది. మిగిలింది ఇదొక్కటే. హాలులో కాల్చిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, కడిగి, మందు పోసి, సీసపు గుండును మూతిలో కూర్చోబెట్టి, మళ్ళీ తూటాగా నిలబెట్టడం. ఊళ్ళో ఆయన్ని 'తూటాల వైనో' అంటారు. ఆ మాట తీసేస్తే ఆయన దగ్గర దగ్గు తప్ప ఏం మిగులుతుంది?

తూటాలు మార్చేశారని నా అనుమానం. హాలు బీరువా తాళంచెవి ఎవరి జేబులో ఉంది? ఆన్సెల్మ్ జేబులో. నేను చదివిన ప్రతి కరపత్రమూ ఒకే మాట చెప్పింది: ఏ చట్టం వచ్చినా ముందు తాళం ఎవరిదని అడుగు.

పైగా ఈసారి మా తూటాలు ఎన్నడూ లేనంత మేలైనవి. అక్టోబరులో నేనొక సంస్కరణ చేశాను. పాత గుండ్రటి ముక్కు గుండు కాగితాన్ని చింపుతుంది. గీత తాకిందా లేదా అని తగాదా వస్తుంది. తగాదాలో గట్టిగా అరిచినవాడిదే గెలుపు. చదునుముక్కు గుండు అలాకాదు, కాగితాన్ని పంచితో కొట్టినట్టు కత్తిరిస్తుంది, అరుపులకు చోటుండదు. అందుకని గుండ్లు పోసే కొత్త అచ్చు తెప్పించాను, పాత అచ్చును పక్క ఊరి హాలుకు దానమిచ్చేశాను. నాన్న చేతిలో పెడితే తిప్పి తిప్పి చూసి "బాగుంది రా" అన్నాడు. డిసెంబరులో ఆయన దగ్గుతో మంచం పట్టినప్పుడు ఒక పెట్టె నేనే నింపాను, చేతిపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. ఇంత నిష్ఠగా చేసినవాళ్ళ మీదా ఆ నింద!

ఆయనకు ఈ పని నేర్పిందే నువ్వు. ఆ చేతులు ఎలాంటివో నీ చేత్తో రాసి పంపు. దాన్ని సభలో ఆన్సెల్మ్ మొహం ముందు చదువుతాను.

న్యాయం కోసం,
నీ మేనల్లుడు టౌనో

తా.క. నీ మోకాలెలా ఉంది?


ఆస్టోరియా, ఆరెగన్
జనవరి 17

ఒరేయ్ టౌనో,

నా మోకాలికి తాజాకలంలో చోటిచ్చావు, సంతోషం. అది వాన పడితే నొప్పి పెడుతుంది. ఇక్కడ నవంబరు నుంచి వాన ఆగలేదు. మిగతా లెక్క నువ్వు కట్టుకో. వలల కొట్టంలో పని బాగానే ఉంది. పక్కవాళ్ళ పిల్లి నా దారపు ఉండలో పిల్లల్ని పెట్టింది. కొత్త వల ఒకటి వారం ఆగాల్సొచ్చింది.

సాక్ష్యపత్రం రాయను. చూడనిదానికి నేను సంతకం పెట్టను. విన్నమాటతో ఆన్సెల్మ్ తీర్పు చెప్పాడని కదా నీ కోపం? విన్నమాటతో నేనూ చెప్తే తేడా ఏముంది?

ఒకటి అడుగుతాను, ఎగిరిపడకుండా చెప్పు. వైనో మళ్ళీ తాగుతున్నాడా? వాడు తాగిన రెండేళ్ళూ నేను చూశాను. అప్పుడు కప్పు పట్టుకుంటే కాఫీ సాసరులో ఉండేది.

తాగడం లేదంటే ఈ పని చెయ్యి. కిటికీ అద్దమొకటి ఊడదీసి బల్ల మీద పెట్టు. తూటాను దాని మీద పడుకోబెట్టు. గొట్టం అడుగున లావుపాటి అంచుంటుంది కదా, అది అద్దం అవతలికి వేలాడాలి, లేకపోతే తూటా పక్కకు తిరిగిపోతుంది. ఒక్క వేలితో మెల్లిగా దొర్లించు. చూడాల్సింది గొట్టాన్ని కాదు, గుండు ముక్కుని. వంకరగా కూర్చున్న గుండు ముక్కు అలల మీద పడవలా ఊగుతుంది. నిటారుగా కూర్చున్నది ఎలా ఉంటుందో చెప్పను, నువ్వే చూడు.

గుండు పిస్తోలు గొట్టం దాటి వెళ్ళేటప్పుడు బొంగరంలా తిరుగుతూ వెళ్తుంది రా. బొంగరాన్ని వంకరగా వదిలితే ఏమవుతుందో నీకు ఐదో ఏటే తెలుసు. కాగితం మందమంత వంకర చాలు.

మొదటిసారి ఒక గుండును నేను సరిగ్గా కూర్చోబెట్టిన రోజు గుర్తుంది. అప్పటికి నెలరోజులుగా పాడుచేస్తున్నాను. ఆ రోజు పనిముట్టు పిడి నొక్కాను, సగం దూరంలో ఆగాను, తూటాను సగం చుట్టు తిప్పాను, మళ్ళీ నొక్కాను. ఏదో సర్దుకుంది. చప్పుడేమీ రాలేదు. చేతికి మాత్రం తెలిసింది. గది మధ్యలో ఎవరో పెద్దమనిషి వచ్చి నిలబడ్డట్టు నేను మాట్లాడటం మానేశాను. ఆ తర్వాత వేలకు వేలు చేశాను, కానీ ఆ క్షణం వచ్చినప్పుడల్లా నా నోరు దానంతటదే మూతపడుతుంది. నీ నోరు కూడా ఒకసారి మూతపడితే చూడాలని ఉంది.

తూటాలు టపాలో పంపకు. పోస్టాఫీసు వాళ్ళు తీసుకోరు, నిన్ను తీసుకెళ్తారు.

నీ అత్త
హిల్యా


కెటోలా
జనవరి 25

హిల్యా అత్తయ్యకు,

నాన్న తాగుతున్నాడా అని అడిగావు. ఆ వాక్యం దగ్గరే నీ ఉత్తరం మడిచి కట్టెల పెట్టెలో పడేశాను. ఆరేళ్ళుగా ఆయన చుక్క ముట్టలేదు. పండక్కి బీరు పోస్తే గ్లాసు మీద అరచెయ్యి పెడతాడు. ఊరంతా ఆయన చేతుల్ని అనుమానించింది, సరే. అక్కవి నువ్వు కూడానా?

ఆ కోపంతోనే సహకార దుకాణానికి వెళ్తే ఆన్సెల్మ్ ఎదురుపడ్డాడు. చంకలో హెర్రింగు చేపల డబ్బా, మొహం నిండా నవ్వు.

"ఏం బాబూ, విప్లవం ఎందాకా వచ్చింది?" అన్నాడు.

"బీరువా తాళంచెవి దగ్గర ఆగింది," అన్నాను.

"అబ్బో! కావాలా తాళంచెవి? ఇదిగో, పట్టు. నాలుగో అరలో మీవాళ్ళ పెట్టె ఒకటి సగం మిగిలుంది. పట్టుకుపో. లెక్కపెట్టుకో, వాసన చూసుకో. నీ కరపత్రాల్లో చూడటం నేర్పారా, అరవటమేనా?"

"పేదవాడి పని తీసేసి నవ్వుతున్నావు, సిగ్గులేదా?"

"కన్ను పోయినవాడు పేదవాడు కాడట్రా?"

కౌంటరు వెనక సైమీ, "అరుచుకోండర్రా, అరుచుకోండి. తలుపు మాత్రం మూసి అరుచుకోండి, వేడంతా బయటికి పోతోంది," అంది. ఆ మూడు పొడుగు బెజ్జాలు ఆవిడ కాగితం మీదవే, అయినా నాన్నను ఒక్కమాటా అనలేదు. మనుషుల్లో అలాంటివాళ్ళూ ఉన్నారు.

నేను బయటికొస్తుంటే వెనక నుంచి ఆన్సెల్మ్ అన్నాడు: "మీ అత్త నాకు ఉత్తరం రాసింది, తెలుసా? ఆవిడకు నీకంటే బుద్ధుంది."

నువ్వు ఆన్సెల్మ్‌కి రాశావా? మా వెనకాల? దీన్నేమంటారో నాకు తెలుసు, రాస్తే ఎప్పుడైనా నాన్న చెవిన పడి బాధపడతాడని రాయడం లేదు.

ఇది మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. కట్టెల పెట్టెలోంచి నీ ఉత్తరం తీసి మిగతాది చదివాను. నాన్న డాక్టరు దగ్గరకు వెళ్ళిన పూట కిటికీ అద్దం ఊడదీసి, ఆన్సెల్మ్ ఇచ్చిన పెట్టెలోంచి పది తూటాలు నువ్వు చెప్పినట్టే దొర్లించాను.

ఏడు ఊగాయి.

అత్తయ్యా, నువ్వన్న పడవలాగే ఊగాయి. ఒకదాని ముక్కయితే గాలిలో పెద్ద సున్నా చుట్టింది. తూటాలు మనవే. ఆ ఇత్తడి గొట్టాల అడుగున నాన్న గీసే సన్నటి గీత ఉంది. ఎవరూ మార్చలేదు. మరి ఆయన చేతులు నిజంగానే పోయాయా? పోయాయని ఆయనకు తెలుసా? అందుకేనా 'సరే' అన్నది? చలిగాలి కొడుతోందని అద్దాన్ని మళ్ళీ బిగించేశాను. ఆయనకు చెప్పలేదు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి అన్నం బల్ల దగ్గర ఆయన చేతుల వైపు చూడలేకపోతున్నాను.

టౌనో


ఆస్టోరియా
ఫిబ్రవరి 2

టౌనో, నాయనా,

ఆన్సెల్మ్‌కి రాశాను. చాటుగా ఏమీ కాదు, స్టాంపు అంటించి రాశాను. సైమీ కాల్చిన గురికాగితం నా కళ్ళతో చూడాలని అడిగాను, పంపాడు. చిరగకుండా రెండు అట్టల మధ్య పెట్టి పంపాడు. నువ్వనుకునే దుర్మార్గులు అట్టలు పెట్టరు రా.

తాగుడు గురించి అడిగినందుకు క్షమించు. దూరాన ఉన్నవాళ్ళకు పాత సంగతులే కొత్తగా ఉంటాయి.

ఆ కాగితం నా కిటికీకి అంటించి మూడు రోజులుగా చూస్తున్నాను. వెనక నుంచి నది వెలుతురు వస్తుంది. పది బెజ్జాలు. మూడు తూలినవి, నిజమే. మిగతా ఏడూ ఎంత గుండ్రంగా ఉన్నాయంటే వాటిలోంచి వెలుతురు కూడా గుండ్రంగా నా బల్ల మీద పడుతోంది. ముందు వాటినే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు బుర్రకు తట్టింది. మా రోజుల్లో బెజ్జం అంచు చిరిగుండేది. ఇది కత్తిరించినట్టుంది. ఇవి పాత గుండ్లు కావు. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీశాను. 'సంస్కరణ' అన్న మాట చూడగానే అక్కడ నాలుగు వరుసలు చదవకుండా దాటేశానని అప్పుడు తెలిసింది. నువ్వు నా ఉత్తరాన్ని సగంలో పొయ్యి దగ్గర పడేశావు, నేను నీదాన్ని మధ్యలో దూకేశాను. ఒకే కుటుంబం, ఏం చేస్తాం.

ఇప్పుడు ఇది చెయ్యి. పనిముట్టులో గుండును కిందికి నొక్కే కడ్డీ ఒకటుంటుంది, చివర చిన్న గుంటతో. గుండు ముక్కు ఆ గుంటలో ఒదిగి దిగుతుంది. ఒక వట్టి గుండు తీసుకుని కొవ్వొత్తి పొగ మీద ముక్కు నల్లగా మసిబట్టించు. వట్టి గుండు అన్నాను, మందు పోసిన తూటా కాదు. నీకు రెండుసార్లు చెప్పాలి. మందు లేని ఖాళీ గొట్టంలో దాన్ని పనిముట్టుతో నొక్కు. బయటికి తీసి మసి ఎక్కడ చెరిగిందో చూడు. చుట్టూరా ఉంగరంలా చెరిగితే గుండూ గుంటా ఒకదానికొకటి ఎరుగున్నవని అర్థం. అలా కాకుండా ఇంకోలా కనబడితే నాకు రాయకు. మీ నాన్న దగ్గరకు వెళ్ళు.

ఇది అంటించేలోగా వైనో ఉత్తరం ఒకటి వచ్చింది, జనవరి ఆఖర్న రాసింది. ఏం రాశాడో చెప్పొద్దన్నాడు, చెప్పను.

అత్త


కెటోలా
ఫిబ్రవరి 10

అత్తయ్యా, నా బంగారు అత్తయ్యా,

నాన్న దగ్గరకే వెళ్ళాను. తర్వాతే నీకు రాస్తున్నాను. ఏది ముందు చెప్పాలో తెలియడం లేదు, కాబట్టి జరిగిన వరసనే చెప్తాను.

మసి ఒక్క పక్కనే చెరిగింది. గోరంత నెలవంక. మిగతా ముక్కంతా నల్లగా అలాగే ఉంది. నాలుగు గుండ్లు చూశాను, నాలుగూ అంతే. ఆ గుంటను తొలిచింది పాత గుండ్రటి ముక్కు కోసం. నా చదునుముక్కు గుండు అందులో ఒదగదు. ఒక అంచు ఆనుకుంటుంది, ఆ అంచు మీదే బరువంతా పడుతుంది, గుండు పక్కకు ఒరుగుతూ దిగుతుంది. నేను సంస్కరణ అన్నది ఇది. అచ్చు మార్చాను, కడ్డీ చూడలేదు. పాత అచ్చు మన దగ్గర లేకుండా కూడా చేశాను.

ఆ తర్వాత ఆన్సెల్మ్ ఇచ్చిన పెట్టె మూత తిప్పి చూశాను. దాని మీద తేదీ డిసెంబరు 16. రాసింది నేను. ఊగిన ఏడూ నేను నింపినవే. సైమీ ఆ రోజు కాల్చిన పదిలో మూడు నా పెట్టెలోంచి వచ్చుంటాయి, ఏడు నాన్నవి.

అప్పుడు అటక ఎక్కాను. నాన్న నింపిన పెట్టెలు నాలుగున్నాయి, ఒక్కోదాన్లో యాభై. అదే అచ్చు, అదే గుండు, అదే పనికిరాని కడ్డీ. కిటికీ అద్దం మళ్ళీ ఊడదీశాను. బయట మంచు మీద ఎండ పడి గదంతా తెల్లగా ఉంది. మొదటి తూటా దొర్లించాను.

నిటారుగా కూర్చున్నది ఎలా ఉంటుందో చెప్పనన్నావు. నేను చెప్పలేను. దొర్లుతోందా, ఆగిందా అని రెండుసార్లు వేలు తీసి చూశాను. ఇత్తడి తిరుగుతోంది, ముక్కు మాత్రం ఉన్నచోటే ఉంది. రెండోది. పదోది. యాభయ్యోది. తప్పు దొరకాలని వెతకడం మొదలుపెట్టాను, తర్వాత తప్పు దొరుకుతుందేమోనని భయపడుతూ దొర్లించాను. రెండువందలూ అయ్యాయి. ఒక్కటి ఊగలేదు. కాఫీ ఎప్పుడో మంచుగడ్డయిపోయింది, చలికి వేళ్ళు నీలమయ్యాయి, నేను మాత్రం ఆ అద్దం ముందు టోపీ తీసేసి కూర్చున్నాను. ఎప్పుడు తీశానో గుర్తులేదు. చర్చిలోకి వెళ్ళినా టోపీ తియ్యనని పదిహేనో ఏట ప్రతిజ్ఞ చేసినవాణ్ణి.

శనివారం మధ్యాహ్నం ఆవిరిగదిలో నాన్నను అడిగాను. రాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆవిరి లేచాక, మొహాలు కనబడనప్పుడు.

"నాన్నా, కడ్డీ గుంట నా గుండుకు సరిపోదు కదా."

"ఊఁ."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటిదానికే తెలిసింది."

"మరి చెప్పొచ్చు కదా!"

"నువ్వు అచ్చు విప్పిన రోజు నీ మొహం నువ్వు చూసుకోలేదు. నేను చూశాను," అన్నాడు. తర్వాత చాలాసేపు దగ్గాడు. "గుండు మంచిదే రా. బెజ్జం బాగా కోస్తుంది. నీ ఆలోచన తప్పు కాదు. కడ్డీ సంగతి నిదానంగా చూద్దామనుకున్నా."

"సభలో సరే అన్నావెందుకు? ఆ పెట్టె నాదని నీకు తెలుసా?"

"మూత మీద నీ కోడిగీతలు నాకు తెలియవా? నీళ్ళు పొయ్యి, రాళ్ళు ఆరిపోతున్నాయి."

స్నానమయ్యాక, తువ్వాలు భుజాన ఉండగానే, పనిముట్టు దింపమన్నాడు. ఎలా చేశాడో చూపించాడు. గొట్టం మూతిని కాస్త విచ్చదీసి గుండును వేళ్ళతో నిలబెడతాడు. పిడిని వెంట్రుకంత నొక్కుతాడు, ఆపుతాడు. బయటికి తీసి బొటనవేలి గోటిని గుండు చుట్టూ తిప్పుతాడు, ఎటు ఒరిగిందో గోటికి తెలుస్తుంది. ఆ పక్కను పైకి తిప్పి మళ్ళీ వెంట్రుకంత. మళ్ళీ గోరు. ఒక్కో తూటాకు తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను. పాత రోజుల్లో రెండు నొక్కులతో అయ్యేది. అక్టోబరు నుంచి ఆరువందలు అలా నింపాడట, దగ్గుకూ దగ్గుకూ మధ్య, కళ్ళు మూసుకుని. కళ్ళు తెరిస్తే చేతికి సరిగా వినబడదట.

ముసలివైపోయిన చేతులు అన్నారు వాటిని. నేనూ వారం పైనే అలాగే అనుకున్నాను.

ఏం చెయ్యాలో చెప్పు. ఆయనేమో ఇంకేం మాట్లాడొద్దంటున్నాడు.

టౌనో


ఆస్టోరియా
ఫిబ్రవరి 16

టౌనో,

నీకే తెలిసిపోయింది కాబట్టి మాట తప్పినట్టు కాదు. వైనో రాసింది ఇదీ: "అక్కా, పిల్లవాడు తెచ్చిన గుండు మనదానికంటే మంచిది. కడ్డీ దానికి పాతబడింది. చేత్తో సర్దుకుంటున్నాను. వాడికి చెప్పకు, వాడికి ఇప్పుడిప్పుడే ఈ పని మీద గౌరవం పుడుతోంది."

నీ ఉత్తరంలో లెక్క చదివి వలసూది కింద పెట్టేశాను. తప్పుడు కడ్డీతో ఆరువందలు! నేను ఆరు చేయలేను. వాడికి నేను నేర్పానని ఊళ్ళో చెప్పుకుని తిరిగాను. ఇకమీదట చెప్పుకోను. నేను చూపించింది సగం చుట్టు తిప్పడం వరకే. మిగతాది వాడు ఎక్కడికెళ్ళి తెచ్చుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి, నీకు దేవుడు లేకపోతే ఆ రాళ్ళకు తెలియాలి.

ఏం చెయ్యాలని అడిగావు. చదునుముక్కుకు సరిపోయేలా కొత్త కడ్డీ కావాలి. దానికి లేతు మిషను కావాలి. మీ ఊళ్ళో లేతు ఉన్నది గని మరమ్మతు షాపులో. దాని ముందు నిలబడే మనిషి ఎవరో నీకు తెలుసు. సమ్మె తర్వాత ఆ గేటు దాటనని వైనో ఒట్టుపెట్టుకున్నాడు, నువ్వు పెట్టుకోలేదు. వెళ్ళు. తల వంచితే మెడ విరగదు, నేను ఎన్నిసార్లో వంచాను, చూడు, ఇంకా నిలబడే ఉంది.

మసిబట్టిన గుండొకటి జేబులో వేసుకెళ్ళు. నీ నోటికంటే అది బాగా మాట్లాడుతుంది.

హిల్యా


కెటోలా
ఫిబ్రవరి 22, సోమవారం

అత్తయ్యా,

వెళ్ళాను. షాపు గేటు దగ్గర మధ్యాహ్నం కూత వేసే వేళకు నిలబడ్డాను. ఆన్సెల్మ్ భోజనం డబ్బాతో బయటికొచ్చాడు.

"ఏంటి, ఇవాళ నన్ను ఉరితీసే రోజా?"

"కాదు. ఆ మూడూ నేను నింపినవి," అన్నాను. మసిబట్టిన గుండు అరచేతిలో పెట్టాను. ఇంకేం అనలేదు. అత్తయ్యా, నిజంగా అనలేదు.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు. చేతిలో రొట్టెముక్క అలాగే ఉంది. "ఇలా ఒక్క పక్కే నొక్కే కడ్డీతోనా? మిగతావన్నీ ఈ కడ్డీతోనే కూర్చోబెట్టాడా వైనో?"

"ఆరువందలు."

"అబద్ధం."

"రెండువందలు అద్దం మీద దొర్లించాను. వచ్చి నువ్వు దొర్లించుకో."

వచ్చాడు! పనయ్యాక తిన్నగా మా ఇంటికే వచ్చి, బూట్లు విప్పి, కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఇరవై దొర్లించాడు. ఆయన వేలు ఇనుముకు అలవాటుపడ్డ వేలు, ముప్ఫై ఏళ్ళుగా వెంట్రుకలో మూడోవంతు కొలిచే వేలు. ఇరవయ్యోదాని దగ్గర ఆగి, లేచి, నాన్న చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు, పనిముట్టును చూసినట్టు. నాన్న సిగ్గుపడి, "కాఫీ తాగుతావా?" అన్నాడు. "తాగుతా," అన్నాడు ఆన్సెల్మ్. వాళ్ళిద్దరి మధ్య ఆ సాయంత్రం జరిగిన మాటలు మొత్తం ఇవే.

మర్నాడు తన లేతు మీద తొలిచిన కొత్త కడ్డీ తెచ్చిచ్చాడు. చివర చదునుగా, చుట్టూ సన్నటి గట్టుతో, గుండు ముక్కు అందులో పడితే తిరగడానికి చోటుండదు. మసి పెట్టి నొక్కాను. నొక్కింది నేను, నా ఈ తొందర చేతులు. మసి ఉంగరంలా చెరిగింది, నిండు ఉంగరం. నువ్వు చెప్పిన ఆ పెద్దమనిషి వచ్చి గదిలో నిలబడ్డాడు. నా నోరు మూతపడింది. నువ్వు చూడలేదు కాబట్టి రాసి సంతకం పెడుతున్నాను.

నిషేధం మాత్రం ఇంకా అలాగే ఉంది. "సభలో పెట్టిన నియమాన్ని నేనొక్కణ్ణి తీసెయ్యలేను," అంటాడు ఆన్సెల్మ్. "నువ్వు లేచి నిజం చెప్పు. వాళ్ళను చూడనీ. చేతులెత్తేది వాళ్ళు." నాన్నను రమ్మంటే ముందు వద్దన్నాడు. నిన్న పొద్దున చూస్తే గొట్టాలు కడిగి పొయ్యి దగ్గర ఆరబెట్టుకుంటున్నాడు. వస్తావా అని నేను మళ్ళీ అడగలేదు. ఎన్ని గంటలకని ఆయనే అడిగాడు.

హాలు తలుపు మీద, దుకాణం కౌంటరు మీద, గని గేటు బయట ఈ కాగితం అంటించాను. నా జీవితంలో ఎన్నో ప్రకటనలు మనసులో రాసుకున్నాను, సూర్యుణ్ణి దిగి రమ్మన్నంత ధాటిగా. ఇది అన్నిటికంటే చిన్నది:

"హాలు సభ్యులారా! తూలిన మూడు తూటాలూ వైనో కివెలా నింపినవి కావు, ఆయన కొడుకు నింపినవి. కారణం చేతకానితనం, గర్వం. ఎలా జరిగిందో ఆ కొడుకే మీ ముందు చెప్తాడు. వైనో కివెలా మీ కళ్ళ ముందు పది తూటాలు నింపుతాడు. ఎవరికి అనుమానముంటే వాళ్ళు దొర్లించి చూడండి. సైమీ వాటిని కాలుస్తుంది. బెజ్జాలు చూసి ఓటు వేద్దాం. ఫిబ్రవరి 28, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలకు, హాలు నేలమాళిగలో. పిల్లల్ని తీసుకురండి, వెనక బెంచీల మీద కూర్చోబెట్టండి. మాట్లాడకుండా చూడటం ఎలాగో వాళ్ళూ నేర్చుకోవాలి."

ఇక్కడ రెండయితే మీకు పన్నెండు. ఆస్టోరియా హాలులో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. వలల కొట్టం వాళ్ళు, డబ్బాల ఫ్యాక్టరీ వాళ్ళు, పడవల వాళ్ళు, చేతి పనితో బతికేవాళ్ళందర్నీ పిలువు. నీ పాత రివాల్వరు తీసుకెళ్ళు. టపా పోటీ ఒక్క విస్కాన్సిన్‌తోనే ఆడాలని ఎక్కడా రాసిలేదు. సరిగ్గా పన్నెండుకు నువ్వు పది కాల్చు, సాక్షి సంతకం పెట్టించి మాకు పంపు. అదే నిమిషంలో మేమిక్కడ కాల్చి మీకు పంపుతాం.

ఆదివారం. ఇక్కడ రెండు, అక్కడ పన్నెండు. అందరూ రండి, వేళకు రండి!

టౌనో